గుర్రం పేరు సోమవారం

సోమవారం మాకు సెలవు.
ఆ రోజే కొన్నాం దాన్ని, నూట ఎనభై వెండి కాసులు పోసి,
ఆటలో మొదటి ఊరి సంత చివర.
బురద రంగు. ఎడమ చెవి కాస్త తెగి ఉంది.
పేరు పెట్టమని తెర అడిగితే
నలుగురం నాలుగు పేర్లు చెప్పి, పోట్లాడుకుని
చివరికి వారం పేరే ఖాయం చేశాం.

గ్రిమ్స్‌బీలో, హాడక్ చేపల తోలు తీసే ఫ్యాక్టరీకి
రెండు వీధుల ఇవతల ఇల్లు.
ఇల్లు గ్లెన్‌ది, టీవీ గ్లెన్‌ది, ఆట రేబ్వార్‌ది,
సోఫా మీద మరకలు అందరివీ.
నలుగురికీ కలిపి ఒక్కడే వీరుడు.
షిఫ్టు దిగినవాళ్ళం దిగినట్టు
చేతులు మూడుసార్లు కడుక్కుని
వంతులవారీగా వాడిలోకి పరకాయప్రవేశం.

టీ బ్రేకులో మాటలన్నీ దాని గురించే.
"డ్రాగన్ సులువే," అంటాడు రేబ్వార్,
"కొండ మీద ఒక మేకుంది చూడు,
అది చంపింది నన్ను, మూడుసార్లు."
హలీనాకి కథ అక్కర్లేదు.
రాకుమారిని ఎవరెత్తుకుపోతే ఆవిడకేం?
పుట్టగొడుగులు నలభై రకాలున్నాయట ఆ అడవిలో.
వీరుడి సంచీలో ఇప్పుడు కత్తికి చోటు లేదు.

గ్లెన్ చలిగిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు,
వాళ్ళ నాన్న చేపల పడవ మీద పోయినవాడు.
ఒక సాయంత్రమంతా ఆ ఒడ్డున వీరుణ్ణి నిలబెట్టి
కదలకుండా చూసి, తీర్పు చెప్పాడు:
"ఆటు లేదు, పోటు లేదు. అదేం సముద్రం?
ఆ గాలికి అల అలా లేవదు."

నేనేం చెప్పను?
పదకొండు రాత్రులైనా మొదటి వాగు దాటలేదు.
పూటకూళ్ళమ్మ గుమ్మం ముందు నిలబడి
ఆవిడకొచ్చిన మూడే మూడు మాటలు
మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటాను.
వచ్చావా బాబూ.
బయట చలిగా ఉందా.
పులుసు వేడిగా ఉంది.
పన్నెండు గంటలు మంచుగడ్డల పక్కన నిలబడి వచ్చాక
మూడు మాటలు తక్కువేం కాదు.

ఎటైనా పోవచ్చని పెట్టె మీద రాసుంది.
పోయాం. ఉత్తరాన మంచుకొండల అంచున
కంటికి కనిపించని గోడ.
వాడు కాళ్ళాడిస్తూనే ఉంటాడు, నేల జరగదు.
"మన బెల్టు లాగే," అన్నాడు రేబ్వార్.
ఎవరం నవ్వలేదు.
కాసేపయ్యాక అందరం నవ్వాం.

మార్చిలో ఒక గురువారం
వచ్చి చూస్తే గుర్రం లేదు.
అమ్మిన డబ్బు లేదు, కొత్త కత్తీ లేదు.
పుట్టగొడుగులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే.
రేబ్వార్ హలీనాని అనుమానించాడు,
హలీనా నన్ను. నేను ఇద్దర్నీ.
రెండు రోజులు ఎవరి టీ వాళ్ళే పెట్టుకున్నాం.

మూడో రోజు గ్లెన్ రొట్టెకి వెన్న రాస్తూ,
తల ఎత్తకుండా:
"నేనే. జీను విప్పి వదిలేశాను.
ఎవరొచ్చినా దాన్ని వానలో కట్టేసి పోతారు.
మూడు వారాలు చూశాను."
"అది బొమ్మ," అన్నాడు రేబ్వార్.
"తెలుసు," అన్నాడు గ్లెన్.

అప్పట్నించీ డ్రాగన్ జోలికి ఎవరూ పోలేదు.
రేబ్వార్ కొండ కొండా ఎక్కి ఈల వేస్తాడు.
హలీనా పుట్టగొడుగులు వదిలి
గడ్డిలో డెక్కల గుర్తులు వెతుకుతుంది.
నేను వాగు దాటాను.
మూడో మాట వెనకనుంచి వినబడుతూనే ఉంది,
చాలా దూరం దాకా.

నిన్న తెల్లవారుజామున, ఇల్లంతా నిద్రలో ఉండగా,
దక్షిణపు బీడులో బురద రంగు చుక్క.
దగ్గరికెళ్తే తెగిన చెవి.
ఈల బటన్ నొక్కాను. తలెత్తింది.
చూసింది.
మళ్ళీ మేతలో పడింది.

ఇంకోసారి నొక్కలేదు.

షిఫ్టులో చేతితొడుగులు తొడుక్కుంటూ
చెప్పాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడి
గ్లెన్‌కి ఒక్కడికే చెప్పాను.
ఫోర్క్‌లిఫ్ట్ ఆపి, మెడ వంచి,
ఫ్యాన్ల హోరులో చెవి నా వైపు పెట్టి
"తడిసి ఉందా?" అని అడిగాడు.